ముల్లు మొదలు అంకె దాక

ఎండలు ముదిరి రోహిణీ కార్తె సమీపించుసరికి గోడమీది శీతలయంత్రము మొరాయించుట పలు గృహములలో ఎరిగిన సంగతియే. మెకానిక్కు వచ్చును. సంచి విప్పి, ఇత్తడి దిమ్మకు బిగించిన రెండు గుండ్రని గేజీలను, నీలము, ఎరుపు, పసుపు రంగుల మూడు గొట్టములను బయటకు తీయును. నీలిగొట్టమును యంత్రమునకు తగిలించి, ముల్లు ఎక్కడ నిలిచినదో చూచి, "గ్యాసు తగ్గిందండీ" అనును. ఇంటివారు తల యూపుదురు. వైద్యుడు నాడి పట్టి చెప్పిన మాటకు ఎదురాడువారెవరు? ఇటీవల కొందరి సంచులలో గుండ్రని గేజీలకు మారుగా అంకెలు వెలిగెడు చిన్న పెట్టె కానవచ్చుచున్నది. ఈ ముల్లు ఎక్కడినుండి వచ్చినది, అంకెకు ఎందులకు చోటిచ్చుచున్నది, అంకెల గేజీని ఎన్నుకొనువారు ఏమి చూడవలెను అను సంగతులను మనమిప్పుడు ముచ్చటించుకొందము. ఎన్నుకొనువాడు మెకానిక్కే యైనను, ఎన్నిక తప్పినచో మూల్యము చెల్లించునది గృహస్థు కనుక ఈ ముచ్చట ఇరువురికిని పనికివచ్చునదే.

ముందుగా ఒక మాట. గేజి చూపునది పీడనము; మెకానిక్కునకు కావలసినది ఉష్ణోగ్రత. ఈ రెండింటికిని గల చుట్టరికము వంటయింటిలో దినమును చూచుచున్నదే. మూతలేని గిన్నెలో నీరు నూరు డిగ్రీలకు మరగును. ప్రెషర్ కుక్కరులో బరువు పెట్టి ఆవిరిని నిర్బంధించినచో అదే నీరు నూట యిరువది డిగ్రీలకు గాని మరగదు. కొండలపైకి పోయినచో నూరునకు లోపుననే మరగును, పప్పు ఉడకదు. పీడనమునుబట్టి మరుగు స్థానము. శీతలయంత్రములోని గ్యాసునకును ఇదే ధర్మము. గదిలోని చుట్టగొట్టములో అది తక్కువ పీడనమున మరగి ఆవిరియగుచు గదిలోని వేడిని తీసికొనును. మేడమీది చుట్టగొట్టములో ఎక్కువ పీడనమున తిరిగి ద్రవమగుచు ఆ వేడిని బయట విడుచును. ఒక్కొక్క గ్యాసునకు ఒక్కొక్క జాతకము కలదు: ఇంత పీడనమున ఇన్ని డిగ్రీలకు మరగును అని. ఆ జాతకము తెలిసినవానికి పీడనము చూచిన చాలును, గొట్టము లోపలి చలువ ఎంతయో తెలిసిపోవును. గేజి చరిత్రయంతయు ఈ జాతకము చుట్టునే తిరిగినది.

పీడనమును కొలుచు విద్యకు మూలపురుషుడు ఇటలీ దేశీయుడగు టోరిచెల్లి. 1643 ప్రాంతమున ఆయన పాదరసపు స్తంభముతో గాలి బరువును చూపెను. సముద్రతీరమున గాలి 760 మిల్లీమీటర్ల పాదరసమును నిలుపును. 1648లో పాస్కల్ ప్రోద్బలమున ఆయన బావ పెరియే ఫ్రాన్సులోని ఒక కొండ మీదికి ఈ గొట్టమును కొనిపోయి, పైకి పోయినకొలది పాదరసము దిగుటను చూచెను. అది పండితుల వినోదము. ఆవిరియంత్రములు వచ్చిన పిమ్మటనే పీడనము ప్రాణములతో చెలగాటమాడు వస్తువైనది. బాయిలరులు పగిలి జనులు చచ్చుచుండిరి. పాదరసముతో కొలువవచ్చును గాని, గాలికి పదిరెట్ల పీడనము కొలువవలెనన్న ఏడున్నర మీటర్లకు మించిన గొట్టము నిలుపవలెను. రైలింజను మీద అదెట్లు సాధ్యము? నేటి స్ప్లిట్ యంత్రపు అధికపీడనమును అట్లు కొలువబూనినచో ఇరువదిరెండు మీటర్ల స్తంభము, అనగా ఏడంతస్తుల మేడయంత ఎత్తు, కావలసివచ్చును.

ఈ చిక్కును విడదీసినవాడు పారిస్ నగరమున యంత్రపరికరములు చేయు యూజీన్ బూర్డాన్. తిరునాళ్లలో పిల్లలు ఊదెడు కాగితపు బూరను చూచియుందురు. ఊదగానే చుట్ట విడి ముందునకు సాగును, ఊపిరి తీయగానే మరల చుట్టుకొనును. బూర్డాన్ పరికరము దానికి లోహములో పుట్టిన అన్నవంటిది. అణగగొట్టిన లోహపు గొట్టమును అర్ధచంద్రాకారముగా వంచి లోపల పీడనము పెట్టినచో అది నిటారగుటకు ప్రయత్నించును. కొనకు పళ్లచక్రమును, దానికి ముల్లును తగిలించినచో ఆ కదలిక వృత్తఫలకము మీద కానవచ్చును. ఆవిరియంత్రమునకు చేసిన చుట్టగొట్టమొకటి అణగిపోగా, దానిని సరిచేయుటకై లోపల పీడనము పెట్టినప్పుడు అది విప్పుకొనుట చూచి ఆయనకు ఈ ఊహ తట్టినదని చెప్పుదురు. 1849లో ఆయనకు పేటెంటు లభించెను. 1852లో ఆష్‌క్రాఫ్ట్ అనునతడు అమెరికాలో దీనిని చేయుటకు హక్కు కొనెను. పాదరసము లేదు, గాజు లేదు, అరచేతిలో ఇమిడిపోవును. నూటడెబ్బది ఏండ్లు దాటినను మన మెకానిక్కు సంచిలోని ముల్లుగేజి లోపల నేటికిని ఆ గొట్టమే వంగియున్నది.

చలువయంత్రములు కూడ ఆ కాలముననే పుట్టుచుండెను. జేకబ్ పెర్కిన్స్ 1834లో లండనులో ఈథరును మరగించి, ఆవిరిని మరల అదిమి ద్రవము చేయు యంత్రమునకు పేటెంటు పొందెను. నేటి యంత్రములకెల్ల మూలసూత్రమదియే. అప్పటికి మన దేశమున పెద్దదొరలకు కూడ వట్టివేళ్ల తడికలు, పంఖాలాగువారు, అమెరికానుండి ఓడలమీద వచ్చు మంచుగడ్డలే గతి. 1833లో బోస్టనునుండి కలకత్తాకు తొలిసారి మంచు వచ్చెను. తరువాత చెన్నపట్టణపు సముద్రతీరమున ఆ మంచు నిలువచేయుటకు కట్టిన భవనము ఐస్ హౌస్ అను పేర తెలుగువారికి కూడ చిరపరిచితము. మంచుగడ్డకు గేజి అక్కరలేదు, రంపముండిన చాలును.

యంత్రపుచలువ ఇండ్లలోనికి వచ్చుటకు మాత్రము గ్యాసులే అడ్డుపడినవి. అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు: మూడును విషములు. బెర్లినులో ఒక కుటుంబము రాత్రి నిద్రలో ఈ గ్యాసు కారి మరణించినదను వార్త చదివి కలత చెంది, ఐన్‌స్టైన్, జిలార్డ్ అను ఇరువురు మహాశాస్త్రజ్ఞులు కదలెడు భాగములు లేని రిఫ్రిజరేటరును కనిపెట్టబూనిరి. 1930లో వారికి అమెరికా పేటెంటును వచ్చినది. కాని అంగడిని గెలిచినది వారుకాదు. అదే సంవత్సరమున థామస్ మిడ్జిలీ అను రసాయనజ్ఞుడు అమెరికా రసాయన సంఘపు సభలో ఒక కొత్త గ్యాసును గుండెలనిండ పీల్చి, దానినే వదలి క్రొవ్వొత్తి నార్పెను. విషము కాదు, మండదు అని అట్లు రుజువైనది. అదియే ఫ్రియాన్, ఆర్-12. దాని వెనుకనే ఆర్-22. పెట్రోలులో సీసము కలిపిన ఘనతయు ఈ మిడ్జిలీదే యనిన, ఒక్క మానవుని చేతిమీదుగా ఆకాశమునకు జరిగిన అపకారమెంతయో ఊహించుకొనవచ్చును.

ఇక ముల్లుగేజికి స్వర్ణయుగము. ప్రపంచమంతటను రెండుమూడు గ్యాసులే. గేజి ముఖము మీద బయటివలయమున పీడనమును, లోపలివలయములలో ఆర్-12, ఆర్-22, ఆర్-502 గ్యాసుల ఉష్ణోగ్రతలను అచ్చువేసిరి. జాతకము ఫలకము మీదనే ఉన్నది కనుక లెక్క అక్కరలేదు. క్రమముగా మెకానిక్కులు వలయములను చూచుట కూడ మానిరి. కిటికీ యంత్రమైనను స్ప్లిట్ యంత్రమైనను ఆర్-22 గ్యాసునకు తక్కువ పీడనము వైపున చదరపు అంగుళమునకు అరువది అయిదు, డెబ్బది పౌండ్లు ఉండవలెను. ముల్లు అక్కడ నిలిచినచో పని అయినది. గురువు శిష్యునకు నోటిమాటగా నేర్పిన విద్య యిది. ఆ రోజులకు తప్పును కాదు. ఆర్-22 అరువది ఎనిమిది పౌండ్ల వద్ద నాలుగైదు డిగ్రీల సెంటీగ్రేడునకు మరగును. గది చల్లబడును, చుట్టగొట్టము మీద మంచు కట్టదు.

ఆ స్వర్ణయుగమునకు ముగింపు ఆకాశమునుండి వచ్చినది. ఈ క్లోరిను గ్యాసులు ఓజోను పొరను తినివేయునని 1974లో మోలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర పలుచనగుట బ్రిటిషు పరిశోధకులు కొలిచి చూపిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1992లో భారతదేశమును అందులో చేరెను. ఆర్-12 పోయినది. కొత్త యంత్రములలో ఆర్-22 స్థానమున ఆర్-410ఏ, ఆర్-407సి, తరువాత ఆర్-32, కొన్నిట ప్రొపేను, అనగా ఆర్-290 ప్రవేశించినవి. ఓజోనునకు హాని చేయని వీనిలో కొన్ని భూతాపమును పెంచుననిన చింతతో 2016లో కిగాలీ సవరణ వచ్చినది. మన దేశము 2021లో దానిని ఆమోదించినది. ఇప్పుడు ఒకే వీధిలోని నాలుగు మేడలమీద నాలుగు గ్యాసుల యంత్రములుండుట వింతకాదు.

పాతగేజి, పాత నోటిమాట అపాయకరములైనది ఇక్కడనే. ఆర్-410ఏ గ్యాసు నాలుగున్నర డిగ్రీలకు మరగవలెనన్న నూట పదునెనిమిది పౌండ్ల పీడనముండవలెను. ఈ అంకెను ఆర్-22 వలయము మీద చదివినవానికి అది ఇరువది డిగ్రీలుగా తోచును. "గ్యాసు ఎక్కువైంది" అని వాడు మంచిగ్యాసును ఆకాశములోనికి వదలును. ఇట్లు వదలిన ఒక కిలో ఆర్-410ఏ, నూరేండ్ల లెక్కన రెండు టన్నుల బొగ్గుపులుసు గ్యాసునకు సమానమైన వేడిని భూమికి పెట్టును. అలవాటైన డెబ్బది పౌండ్ల వరకు వదలినాడనుకొనుడు: ఆ పీడనమున ఆర్-410ఏ సున్నకు దిగువన పది డిగ్రీలకు మరగును. చుట్టగొట్టము మంచుకట్టి గాలి ఆడదు, చాలినంత గ్యాసు తిరిగిరాక కంప్రెసరు వేడెక్కి కాలును. మరల పిలుపు, మరల ఖర్చు. నేరము యంత్రముమీదికి పోవును.

కొత్త గ్యాసులలో కొన్ని మిశ్రమములు. ఆర్-407సి మూడు గ్యాసుల కలయిక. అది ఒకే ఉష్ణోగ్రతకు మరగదు. మరుగుట మొదలైన చోటికిని ముగిసిన చోటికిని అయిదారు డిగ్రీల భేదముండును. ఒక పీడనమునకు రెండు ఉష్ణోగ్రతలు! అచ్చువేసిన వలయము ఎన్ని జాతకములను మోయగలదు?

అంకెల గేజి ఈ చిక్కునకు సమాధానముగా నిలిచినది. దాని బీజము మాత్రము వేరొకచోట పడియుండెను. తీగను సాగదీసినచో దాని విద్యున్నిరోధము మారునని 1856లోనే కెల్విన్ ప్రభువు గమనించెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చార్లెస్ స్మిత్ అనునాయన సిలికాను, జెర్మేనియములలో ఈ మార్పు లోహముకంటె పలు పదులరెట్లు హెచ్చుగా ఉండుటను ప్రకటించెను. పలుచని సిలికాను పొర మీద గ్యాసు ఒత్తిడి పడినప్పుడు అది ఇంచుక వంగును, నిరోధము మారును, చిన్న గణకము దానిని అంకెగా మార్చును. బూర్డాన్ గొట్టమును వంచగా, ఇక్కడ రాతిపొర వంగుచున్నది. గణకమెటులును ఉన్నది కనుక, దానికి నూరు గ్యాసుల జాతకములు కంఠస్థము చేయించుట కష్టము కాదు. బిగింపు థర్మామీటరును రాగిగొట్టమునకు తగిలించినచో గొట్టపు నిజమైన ఉష్ణోగ్రతయు వచ్చును. మరుగు స్థానమునకును గొట్టపు ఉష్ణోగ్రతకును గల తేడాను సూపర్‌హీటు అందురు. ఇది సున్న యగుచో ద్రవము కంప్రెసరులోనికి పోవుచున్నదేమోయని భయపడవలెను. మరీ హెచ్చినచో గ్యాసు చాలలేదనియో ఎక్కడనో అడ్డుపడినదనియో తలపవలెను. ముల్లుగేజితో ఈ లెక్క చేయలేకపోలేదు. పట్టికయు, థర్మామీటరును, తీరికయు కావలెను. మేడమీద మిట్టమధ్యాహ్నపు టెండలో మూడవది దొరకదు.

ఇక ఎన్నుకొనుట. అంగడిలో దుకాణదారు ముందుగా చూపునది తెర. కొనువాడు ముందుగా చూడవలసినది గ్యాసుల పట్టిక. అందులో ఆర్-32, ఆర్-290 ఉన్నవా? రేపు వచ్చు గ్యాసును చేర్చుటకు వీలున్నదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేనిచో అది అంకెలు తొడిగిన పాతగేజియే.

పిదప ఖచ్చితత్వము. ఇక్కడ ఒక చిన్న మోసమున్నది. "ఒక శాతము" అని పెట్టెమీద వ్రాయుదురు. దేనిలో ఒక శాతము? ఎనిమిదివందల పౌండ్ల గేజిలో పూర్తి కొలతపై ఒక శాతమనిన ఎనిమిది పౌండ్లు. నూట పదునెనిమిది వద్ద ఎనిమిది పౌండ్ల తప్పు ఆర్-410ఏ గ్యాసునకు రెండు డిగ్రీల తప్పగును. సూపర్‌హీటు అయిదారు డిగ్రీలుండవలసినచోట రెండు డిగ్రీలు చిన్నతప్పు కాదు. చదివిన అంకెపై శాతము చెప్పిన గేజి మేలు. దశాంశమువరకు అంకెలు చూపినంతమాత్రమున నిజము చెప్పినట్లు కాదు. ముల్లు తన సందేహమును వణకి చూపును, అంకెకు ఆ వినయము లేదు. ముల్లు అల్లల్లాడుటను చూచి కంప్రెసరు కవాటము అరిగినదని పసిగట్టు పాతకాపులు ఇప్పటికిని కలరు. కనుక తెర మీద అంకె క్షణక్షణమును మారునా, మందగమనముగా మారునా అని చూడవలెను.

మరియొకటి సున్న దిద్దుట. హైదరాబాదు సముద్రమునకు అయిదువందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. విశాఖ తీరమునకంటె అక్కడ గాలి ఒత్తిడి దాదాపు ఒక పౌండు తక్కువ. గొట్టములు విప్పియున్నప్పుడు మీటనొక్కి సున్న దిద్దుకొను ఏర్పాటు గేజిలో ఉండవలెను. ఉండిన చాలదు, వాడవలెను.

శూన్యమును గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది, ఏలయన మన ఇండ్లలో ఎక్కువగా ఎగవేయబడు పని యిదియే. కొత్త యంత్రము బిగించినప్పుడును, గొట్టము విప్పి బాగుచేసినప్పుడును లోపలి గాలిని, తేమను పంపుతో లాగివేయవలెను. తేమ మిగిలినచో నూనెను పాడుచేసి, ఆమ్లములు పుట్టించి, కంప్రెసరును లోలోపల తినును. ముల్లుగేజి మీద శూన్యము ముప్పది అంగుళముల గీత దగ్గర నిలుచును. మెకానిక్కు తృప్తి చెందును. కాని శూన్యపు అసలు కథ ఆ గీత దగ్గరనే మొదలగును. పాదరసపు మిల్లీమీటరులో వేయవవంతును మైక్రాను అందురు. ఇరువదియైదు డిగ్రీల వద్ద నీరు ఆవిరి కావలెనన్న పీడనము దాదాపు ఇరువదినాలుగువేల మైక్రానులకు దిగవలెను. గొట్టములు ఎండినవని చెప్పుటకు అయిదువందల మైక్రానులకు దిగి అక్కడ నిలువవలెను. ఈ ఇరువదినాలుగువేలును అయిదువందలును ముల్లుగేజి మీద ఒక అంగుళమైనను లేని ఇరుకులో ఇమిడియుండును, కన్నునకు తేడా తెలియదు. మైక్రానులలో కొలుచు ఉపకరణము గేజిలోనే ఉండుట మంచిదే. వేరుగా కొని, పంపునకు దూరముగా యంత్రపు చివరను తగిలించుట ఇంకను మంచిది. పంపు దగ్గర కొలిచినచో పంపు ఆరోగ్యము తెలియునేగాని యంత్రపు ఆరోగ్యము తెలియదు. పంపు ఆపిన పిమ్మట అంకె పైకి ప్రాకుచున్నదా యని పది నిమిషములు చూచు ఓర్పును మాత్రము ఏ గేజియు అమ్మదు.

గొట్టముల సంగతి సంగ్రహముగా. ఆర్-410ఏ, ఆర్-32 గ్యాసులకు ఎనిమిదివందల పౌండ్ల పనిపీడనమునకు తాళు గొట్టములు కావలెను. యాబది డిగ్రీల వేడిలో ఆర్-410ఏ నాలుగువందల ముప్పది పౌండ్ల వరకు పోవును. చాల స్ప్లిట్ యంత్రములలో ఈ గ్యాసుల నోటిమర ఆర్-22 మరకంటె పెద్దది. పాతగొట్టము పట్టకుండుటకే అట్లు చేసిరి. మధ్యమర తగిలించి పాతగొట్టమునే బిగించువారిని చూచినప్పుడు ఇంటివారు పిల్లలను దూరముగా పంపుట మేలు. ఎండ సంగతియు కలదు: రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మేడమీద పెట్టిన గేజి ఎంత వేడికి తాళునో పెట్టెమీద చదువవలెను, మరీ కాగిన తెర నల్లబడును. తీగ లేకయే ఫోనునకు అంకెలు పంపు గేజీలు సుఖమే గాని, ఫోను లేనిదే నోరు విప్పని గేజికంటె తనకంటూ ఒక తెరయున్నదే నయమని మా అభిప్రాయము.

ఆర్-32 మెల్లగా మండు గ్యాసు, ఆర్-290 వంటగ్యాసునకు సోదరుడు. వీని దగ్గర వాడు గేజి, పంపు మొదలగు విద్యుత్పరికరములు నిప్పురవ్వకు తావీయనివని తయారుచేసినవారు చెప్పియుండవలెను. ఆర్-290 యంత్రములలో గ్యాసు కొన్ని వందల గ్రాములే. పొడుగాటి గొట్టములు తగిలించి తీసినచో అందులో చెప్పుకోదగిన భాగము గొట్టములకే చెల్లును. ఇట్టివానికి గేజి చూచి గ్యాసు నింపరాదు, యంత్రము మీద వ్రాసిన బరువును త్రాసులో తూచి నింపవలెను. నిజమునకు ఇది అన్ని గ్యాసులకును వర్తించును. గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో అదియే తిరుగును. ప్రతి వేసవియు "గ్యాసు తగ్గింది" అనిపించుకొను యంత్రమున ఎక్కడనో కారుచున్నది. ఆ చోటు వెదకక నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే, ఎంత వెలగల గేజి చేతనున్నను.

కొన్న గేజి నిజము చెప్పుచున్నదా అని పరీక్షించుటకు ఒక సులభోపాయము కలదు. ద్రవము మిగిలియున్న స్వచ్ఛమైన ఆర్-22 సిలిండరును నీడపట్టున గదిలో రాత్రియంతయు ఉంచి, తెల్లవారి గేజి తగిలించి చూడవలెను. గది ముప్పది డిగ్రీలుండినచో గేజి నూట యాబదియెనిమిది పౌండ్లు చూపవలెను. ఆర్-410ఏ అయినచో దాదాపు రెండువందల అరువది. అంకెలగేజికిని ముల్లుగేజికిని ఇదే పరీక్ష. సంచిలోని రెండింటిని ఒకే సిలిండరునకు వరుసగా తగిలించి చూచినవారికి, దేనిని అటకమీద పెట్టవలెనో దుకాణదారు చెప్పనక్కరలేదు.